ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో కనెక్షన్ల పేజీ: మూడేళ్లు వాడాక

పర్లాకిమిడిలో మాదో చిన్న నెట్ సెంటరు. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గుమ్మం మీద సీసీ కెమెరాలు. పగలంతా ఒడిశా భూరికార్డుల సైటు భూలేఖ్‌లో భూమి కాగితాలు తీయడం, సాయంత్రం కాలేజీ పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు. పాతపట్నం నుంచి కూడా వస్తుంటారు.

మూడేళ్ల కిందట సాయంత్రం ఆరు దాటితే నెట్ పడకేసేది. అప్పటికే నడుస్తున్న డౌన్‌లోడ్ ఆగదు, కొత్త పేజీ మాత్రం తెరుచుకోదు. లైన్ చూడ్డానికొచ్చినాయన స్పీడ్ టెస్ట్ పెట్టి, "లైన్లో ఏటీ లేదు బాబూ, మీ మిషన్లే సూసుకోండి" అనేసి బండెక్కాడు. కరెంటు పోయి వస్తే కాసేపు బాగుండేది. రౌటర్ వేడెక్కుతోందేమోనని టేబుల్ ఫ్యాన్ కూడా పెట్టి చూశాను, నవ్వకండి.

రౌటర్‌లో కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ తీసేసి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించాక, దాని మొదటి పేజీలోనే 'యాక్టివ్ కనెక్షన్స్' అనే వరుస కనిపించింది. 16384కి గాను 16 వేలు దాటి ఉంది. సిస్టమ్ లాగ్ నిండా ఒకటే మాట: టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్. రౌటర్ ప్రతి కనెక్షన్‌కీ పద్దు రాసుకుంటుంది: ఎవరు, ఎటు, ఏ పోర్టు (అవతలి మిషన్‌లో తలుపు నంబరు లాంటిది). పుస్తకం నిండితే కొత్తవాణ్ని గుమ్మంలోనే ఆపేస్తుంది, లోపల మాటలు నడుస్తున్నవాళ్ల జోలికి పోదు. స్పీడ్ టెస్ట్‌కి ఈ సంగతి ఎక్కడ తెలుస్తుంది?

దొంగ ఎవరో పట్టడానికి మాత్రం రెండు రోజులు పట్టింది. రియల్‌టైమ్ గ్రాఫ్స్‌లోని కనెక్షన్ల పట్టిక ఎక్కువ డేటా లాగినవాళ్లను పైన చూపిస్తుంది. మావాడు అడుగున నక్కాడు. చివరికి ఎస్‌ఎస్‌హెచ్‌తో (కమాండ్లు టైపు చేసే దారి) రౌటర్ లోపలికెళ్లి, ఆ పద్దు పుస్తకమే అయిన ఎన్‌ఎఫ్_కాన్‌ట్రాక్ ఫైలు తెరిచాను. 192.168.1.37 నుంచి వేల వరుసలు, ప్రతిదీ 'సిన్ సెంట్', 'అన్‌రిప్లైడ్': పిలుపు వెళ్లింది, జవాబు రాలేదు. ఊరూ పేరూ తెలియని అడ్రసులకి, ఎక్కువగా 23వ పోర్టుకి, మధ్యమధ్యలో 2323కి.

అది మా కెమెరాల డీవీఆర్, అంటే రికార్డింగ్ పెట్టె. ఫోన్లో చూసుకోవాలన్నామని, బిగించిన కుర్రాడు దాన్ని డీఎంజెడ్‌లో పెట్టి పోయాడు; అంటే బయటి నెట్ నుంచి ఎవరైనా నేరుగా దాన్ని తట్టేలా వీధి తలుపు తీసిపెట్టినట్టే. 2016లో బయటపడ్డ మిరాయ్ అనే కంప్యూటర్ పురుగు (వైరస్ లాంటిది) పోకడ అచ్చం ఇదే: టెల్నెట్ పోర్టులు (ఆ 23, 2323లే) తట్టుకుంటూ పోవడం, మెమరీలోనే బతకడం, రీస్టార్ట్ చేస్తే చావడం, తలుపు తెరిచే ఉంటే మళ్లీ రావడం. కరెంటు పోతే నెట్ ఎందుకు బాగుపడేదో అప్పుడర్థమైంది. జవాబు రాని పిలుపును రౌటర్ 120 సెకన్లు పద్దులో ఉంచుతుంది. సెకనుకు వంద చొప్పున తడితే 12 వేల వరుసలు ఎప్పుడూ నిండే ఉంటాయి. సాయంత్రం పిల్లలు వచ్చి మిగతావి నింపేవాళ్లు, అంతే.

డీఎంజెడ్ తీసేసి, డీవీఆర్‌ని బయటికి పోనివ్వకుండా ఫైర్‌వాల్‌లో ఒక రూల్ రాశాను. అరగంటలో అంకె 500కి దిగింది. ఇంటి నుంచి కెమెరా చూడాలంటే ఇప్పుడు వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (కొట్టు నెట్‌లోకి తాళం వేసిన దారి) ఆన్ చేయాలి; మా ఆవిడకి అదో పెద్ద తలనొప్పి.

లోపాలూ చెప్పాలి. ఈ కనెక్షన్ల పేజీకి జ్ఞాపకం లేదు. గ్రాఫ్ మూడు నిమిషాలదే, రాత్రి ఏం జరిగిందో పొద్దున అడిగితే చెప్పదు. అందుకని ఐదు నిమిషాలకోసారి అంకెను పెన్‌డ్రైవ్‌లోకి రాసే చిన్న స్క్రిప్టు క్రాన్‌లో (టైముకి పనులు నడిపేది) పెట్టుకున్నాను. ఎవరు ఏ సైట్‌కి వెళ్లారన్నది కూడా అడ్రసు, పోర్టు వరకే. అడ్రసులకి పేర్లు చూపే డీఎన్‌ఎస్ లుకప్ నొక్కితే వచ్చేవాటిలో సగం ఏవో సర్వర్లవి, మనకి ఒరిగేదేమీ లేదు. మంచి విషయం ఒకటుంది: దీనికి మూలమైన లినక్స్, తెరిచిన టీసీపీ కనెక్షన్‌ని మామూలుగా 5 రోజులు పద్దులో ఉంచుకుంటుంది, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో 7440 సెకన్లే, అంటే రెండు గంటల చిల్లర. చిన్న రౌటర్లకి అదే ప్రాణం.

నిన్న రాత్రి కొట్టు మూసేటప్పుడు అంకె 61. అందులో 40 మా ఆవిడ ఫోన్‌వే.