లంబసింగి ఘాట్‌లో నాలుగు చలికాలాలు: నా పసుపు ఫాగ్ ల్యాంపులు

ఇల్లు నర్సీపట్నంలో, ఉద్యోగం చింతపల్లిలో. మధ్యలో లంబసింగి ఘాట్. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున ఆరున్నరకు బయల్దేరితే సగం దారి పొగమంచులోనే. అందుకే నాలుగేళ్ల కిందట కారుకు ఫాగ్ ల్యాంపులు పెట్టించి, వాటిలో పసుపు హాలోజన్ బల్బులు వేయించుకున్నాను. నా కారు మీద పెట్టిన ఖర్చుల్లో ఇంత తృప్తినిచ్చింది ఇంకొకటి లేదు.

హై బీమ్ వేస్తే మంచు బిందువులు వెలుగును తిరిగి మన కళ్లలోకే కొడతాయి. ముందు తెల్లటి గోడ తప్ప ఏమీ ఉండదు. లో బీమ్ కొంత నయం. ఈ ల్యాంపులు బంపరులో కింద ఉంటాయి కాబట్టి వెలుగు నేలను పట్టుకుని రెండు పక్కలకూ పరుచుకుంటుంది. రోడ్డు అంచు గీత, మలుపులో రాతి పిట్టగోడ మొదలు, ఎడమవైపు మట్టి దిగుడు కనిపిస్తాయి. ఘాట్‌లో నాకు కావలసింది అదే. మొదటి చలికాలం అయ్యేసరికి ఆఫీసులో ముగ్గురి చేత పసుపు బల్బులు వేయించాను.

మూడో ఏడాది మాత్రం ఇవే నన్ను భయపెట్టాయి. ఆ అక్టోబరులో ఊళ్లో ఒక ఆటో రాసుకుపోతే బంపరు విప్పించి, పెయింట్ వేయించి, మళ్లీ బిగించారు. డిసెంబరులో మా బావమరిది వాళ్లు చెరువులవేనం చూడటానికి వచ్చారు. అక్కడ కొండ మీద నుంచి మేఘాలు కింద సముద్రంలా పరుచుకుని కనిపించేది సూర్యోదయం వేళే. అందుకని తెల్లవారుజామున నాలుగుకే బయల్దేరాం. ఘాట్ సగం ఎక్కేసరికి మంచు చిక్కబడింది. ఎప్పటిలాగే ఫాగ్ ల్యాంపులు వేశాను. బానెట్ ముందు పసుపు తెర దించినట్టయింది. రోడ్డు లేదు, గీత లేదు. అద్దం తుడిచాను, వైపర్ వేశాను, లాభం లేదు. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారు, పక్కన లోయ. నాకు చెమట పట్టింది.

"బావా, ఓసారి ఆ పసుపు లైట్లు ఆపి చూడు" అన్నాడు మా బావమరిది.

ఆపాను. లో బీమ్‌లో రోడ్డు అంచు మసకగానైనా కనిపించింది! ఇన్నాళ్లూ దారి చూపించినవే ఆ రోజు దారిని మూసేశాయి. కిటికీలు దించి, ఎదురుగా ఇంజను చప్పుడు ఏదైనా వస్తోందా అని వింటూ, 15 స్పీడుకు మించకుండా లంబసింగి చేరాం. టీ కొట్టు గోడకు ఎదురుగా కారు ఆపి ల్యాంపులు వేస్తే సంగతి తెలిసింది. వెలుగు పైఅంచు గోడ మీద బానెట్ కంటే ఎత్తున ఉంది. బంపరు తిరిగి బిగించినప్పుడు ల్యాంపుల వాలు ఎవరూ సరిచూడలేదు. టీ తాగేలోపు స్క్రూడ్రైవర్‌తో వెనకనున్న స్క్రూ తిప్పి వెలుగును కిందికి దించాం. అప్పటి నుంచి గోడకు ఏడెనిమిది మీటర్ల దూరంలో కారు నిలబెట్టి, వెలుగు పైఅంచు ల్యాంపు ఎత్తుకంటే నాలుగంగుళాలు కిందికి ఉండేలా చూసుకుంటున్నాను. ఆ రోజు చెరువులవేనం కొండ మీదికి మాత్రం సూర్యుడు వచ్చాకే చేరాం.

పోయిన జనవరిలో ఒక బల్బు పోయింది. చింతపల్లిలో తెల్లదే దొరికింది. వారం రోజులు ఎడమవైపు తెలుపు, కుడివైపు పసుపుతో నడిపాను. రోడ్డు అంచు రెండువైపులా ఒకేలా కనిపించింది. తర్వాత చదివితే కారణం అర్థమైంది. మంచు బిందువులు వెలుగు తరంగాల కంటే చాలా పెద్దవి, అందుకే ఏ రంగునైనా దాదాపు ఒకేలా చెదరగొడతాయి. పనిచేసింది ల్యాంపు ఉన్న ఎత్తూ, దాని వాలూ. పసుపు వెలుగులో నా కళ్లు తక్కువ అలసిపోతాయి కాబట్టి మళ్లీ పసుపే వేసుకున్నాను. ఆఫీసులో ఆ ముగ్గురికీ మాత్రం, ముందు ల్యాంపు ఎటు చూస్తోందో చూసుకోండి, రంగు సంగతి తర్వాత అని చెప్పాను.

నలుగురు ఎక్కితే ఊపిరికి అద్దం లోపలివైపు కూడా ఆవిరి పట్టేస్తుంది. దానికి ఏ ల్యాంపూ పనికిరాదు. ఏసీ వేసి, నాబ్ వేడి వైపు తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టి, అద్దం మీదికి వదలాలి. రెండు నిమిషాల్లో పోతుంది.

ఈ ల్యాంపుల వెలుగు దూరం పోదు. ఇది తెలిసి నడపాలి. చూపు 50 మీటర్లు కూడా ఆనకపోతే వాతావరణ శాఖ దాన్ని అతి దట్టమైన పొగమంచు అంటుంది. ఘాట్‌లో నాకు చాలా రోజులు పాతిక మీటర్లే కనిపిస్తుంది. గంటకు 40 అంటే సెకనుకు 11 మీటర్లు. కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే సగం దూరం అయిపోతుంది. అందుకే నేను 20 దాటను. వెనక వాళ్లు హారన్ కొడితే వెడల్పున్న చోట పక్కకు ఆగి దారి ఇస్తాను. శని, ఆదివారాల్లో వచ్చే టూరిస్టులు హజార్డ్ లైట్లు వేసుకుని నడుపుతారు. దయచేసి అలా చేయకండి. నాలుగూ వెలిగి ఆరుతుంటే మీరు ఎటు తిరుగుతున్నారో వెనక వాళ్లకు తెలియదు.

నిరుడు భోగి రోజు పొద్దున హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద వస్తుంటే చిట్యాల దాటాక మంచు కమ్మింది. అక్కడ ఇవి పెద్దగా ఆదుకోలేదు. హైవే మీద నా భయమంతా వెనక లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీల గురించే. అలాంటి లారీ ఈ వెలుగులోకి వచ్చేసరికి 60 స్పీడులో ఉన్న కారు ఆగదు. ధాబాలో ఆపేసి ఎండ వచ్చాకే కదిలాను.

రోజూ ఘాట్ ఎక్కే నాలాంటి వాళ్లకైతే పెట్టించుకోమనే చెబుతాను. ఏడాదికి ఒకసారి సంక్రాంతికి హైవే మీద వెళ్లేవాళ్లయితే ముందు వైపర్లు, వెనక లైట్లు సరిచూసుకుని, వీలైతే తెల్లవారాక బయల్దేరండి. డబ్బు మిగిలితే అప్పుడు ల్యాంపుల సంగతి.