అంబాసిడర్ ఇంజిన్ బోరింగ్ చేయించాక 38,000 కిలోమీటర్లు

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురంలో ఉంటున్న మాకు నాన్నగారి నుంచి వచ్చిన కారు 1986 నాటి అంబాసిడర్ మార్క్ 4. దాని 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌ను 2019లో దింపించి బోరింగ్ (అరిగిన సిలిండర్ల లోపలి గోడలను చెక్కి, కాస్త వెడల్పు చేయడం) చేయించాను. ఆ తరువాత తిరిగిన 38,000 కిలోమీటర్లలో సగానికి పైగా సుంకి ఘాటు (కొండదారి) దిగి సాలూరు, విజయనగరం వెళ్ళిరావడమే.

ఇసుజు ఇంజిన్ వేయించమని చాలామంది చెప్పారు. 1990లలో అంబాసిడర్‌కు వచ్చిన ఆ 1.8 లీటర్ల ఇంజిన్ మంచిదే. అయితే ఇంజిన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్టీవో అనుమతి తీసుకుని, ఆర్‌సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించుకోవాలి. పాత బ్లాకు (సిలిండర్లున్న ఇంజిన్ దిమ్మ) పనికివస్తుందో లేదో తేలకుండా ఆ బెడద నెత్తికెత్తుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

సాలూరు మేస్త్రి ముందుగా కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) చూశాడు. మూడో సిలిండర్‌లో బాగా తక్కువ వచ్చింది. ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే పెరిగింది. ఆయిల్ పిస్టన్ రింగుల పక్క సందు మూసిందన్నమాట, అంటే లోపం వాల్వులది కాదు, రింగులదీ బోరుదీ (సిలిండర్ రంధ్రం). హెడ్డు (ఇంజిన్ పైమూత) విప్పాక సిలిండర్ పైఅంచు కింద గోరు పెట్టి లాగి, "గోరు ఆగింది చూడండి బాబూ, ఉత్త రింగులేస్తే ఆర్నెల్లకి మళ్ళీ వస్తారు" అన్నాడు. గోరు ఆగిందంటే అక్కడ గోడ అరిగి మెట్టు పడిందని. 73 మిల్లీమీటర్ల బోరును 20 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) పెంచితే సరిపోయింది. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్ కూడా అప్పుడే చేయించాం. వాల్వుల సీట్లను అరగకుండా కాపాడే సీసం 2000 నుంచి పెట్రోలులో లేదు కనుక, పాత హెడ్డు అరిగిపోకుండా ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించాను.

మూడు వారాలనుకున్న పని పదకొండు వారాలు పట్టింది. కోల్‌కతా మల్లిక్ బజారు నుంచి రావలసిన పిస్టన్ల కోసమే ఎక్కువ రోజులు ఆగాం. పిస్టన్లు చేతికి వచ్చి, వాటిని కొలిచాకే లేత్ షాపుకు బ్లాకు ఇవ్వాలి, ముందే బోరు చేయిస్తే పిస్టన్‌కూ గోడకూ మధ్య సందు సరిగా కుదరదు. ఖర్చు అంచనాకు మూడో వంతు అదనంగా దాచుకోవడం నన్ను కాపాడింది.

నేను చేసిన తప్పు రేడియేటర్‌ను వదిలేయడం. బ్లాకు కడిగినా మిగిలిన తుప్పు ఊడి దానిలో చేరింది. మొదటి వేసవిలోనే సుంకి ఘాటు ఎక్కుతుండగా ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటి, హెడ్ గాస్కెట్ (హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే పలక) పోయింది. లారీ వెనక తాడు కట్టించుకుని ఇంటికి చేరాను. రేడియేటర్ కోర్ మార్పించాక ఆ బాధ మళ్ళీ రాలేదు.

బోరింగ్‌కు ముందు 300 కిలోమీటర్లకు లీటరు ఆయిల్ తాగిన ఇంజిన్ ఇప్పుడు 1,000 కిలోమీటర్లకు పావు లీటరుతో సరిపెట్టుకుంటోంది, పొగ లేదు. క్రాంకు వెనక కారే ఆయిల్ చుక్క మాత్రం ఆగలేదు. ఈ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) నమూనా ఇంజిన్లలో అక్కడ రబ్బరు సీలు ఉండదు, ఆయిల్‌ను లోపలికి తిప్పే మరలాంటి గాడి మాత్రమే ఉంటుంది. అందుకని కారు కింద అట్టముక్క పరిచే ఉంచుతున్నాను.