సోర్స్ నుంచి ఫ్రీబీఎస్‌డీ అప్‌గ్రేడ్: చిన్న డిస్క్‌తో నెట్టుకొస్తున్న నా అనుభవం

ఇంట్లో ఫైళ్లు దాచుకునే పాత డెస్క్‌టాప్‌లో ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ నడుపుతున్నాను. 12వ వెర్షన్‌తో మొదలై ఇప్పుడు 14 మీద ఉంది. సిస్టమ్ డిస్క్ 64 జీబీ ఎస్ఎస్‌డీ, దాని మీద జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి). అప్‌గ్రేడ్లన్నీ సోర్స్ నుంచే, అంటే సిస్టమ్ మూల కోడ్ తెచ్చుకుని ఈ మెషిన్ మీదే కంపైల్ చేసుకోవడం. కంపైల్‌కి గంటలు పడుతుందని చాలామంది భయపెడతారు. రాత్రి మొదలుపెట్టి పడుకుంటే ఆ గొడవే లేదు. టెన్షన్ పెట్టేది చోటు.

ముందు సోర్స్. ప్రాజెక్టు 2020 డిసెంబర్‌లో కోడ్ మార్పుల చరిత్ర దాచే సబ్‌వెర్షన్‌ని వదిలి, అదే పని చేసే గిట్‌కి మారింది. మామూలుగా క్లోన్ చేస్తే దశాబ్దాల మార్పుల చరిత్ర మొత్తం వెంట వస్తుంది. అప్‌గ్రేడ్ చేసుకోవడానికి అది అక్కర్లేదు, డెప్త్ 1 ఇచ్చి పైపై కాపీ తెచ్చుకుంటే చాలు. అసలు చోటు మింగేది /యూఎస్ఆర్/ఓబీజే, కంపైల్ అయిన ఫైళ్లు పడే డైరెక్టరీ. బిల్డ్‌కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ కంపైల్), బిల్డ్‌వరల్డ్ (మిగతా సిస్టమ్ కంపైల్) రెండూ అయ్యేసరికి ఆప్షన్లను బట్టి 5 నుంచి 10 జీబీ అక్కడ పోగవుతుంది. అందులో సింహభాగం కంపైలర్ భాగాలైన క్లాంగ్, ఎల్ఎల్‌వీఎంలదే. బిల్డ్ ఆప్షన్లు రాసే ఎస్ఆర్‌సీ.కాన్ఫ్ ఫైల్‌లో వితౌట్_ఎల్ఎల్‌వీఎం_టార్గెట్_ఆల్ పెడితే మన ప్రాసెసర్‌కి కావాల్సిన కోడే తయారవుతుంది. చోటుతో పాటు టైమూ కలిసొస్తుంది. వితౌట్_టెస్ట్స్, వితౌట్_డీబగ్_ఫైల్స్ కూడా నిశ్చింతగా పెట్టుకోవచ్చు. వితౌట్_లిబ్32 మాత్రం 32 బిట్ ప్రోగ్రాములు ఏవీ నడపనివాళ్లకే.

ఇక జెడ్ఎఫ్ఎస్ సంగతి. చోటు విషయంలో కొత్తవాళ్లకి దిమ్మ తిరిగేది ఇక్కడే. ఇన్‌స్టాలర్ ఇచ్చే మామూలు అమరికలో సోర్స్ ఉండే /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ వేరే డేటాసెట్, అంటే జెడ్ఎఫ్ఎస్ లోపల విడిగా ఉండే ఒక ఫైల్‌సిస్టమ్. /యూఎస్ఆర్/ఓబీజేకి అలాంటిది లేదు. జెడ్‌రూట్/యూఎస్ఆర్ అనే డేటాసెట్ కనిపిస్తుంది గానీ, దాని క్యాన్‌మౌంట్ (మౌంట్ కావచ్చా లేదా అనే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి అది పేరుకే. ఓబీజేలో రాసేదంతా నిజానికి బూట్ ఎన్విరాన్‌మెంట్‌లోకి, అంటే బూట్ అయ్యే సిస్టమ్ ఉన్న డేటాసెట్‌లోకి వెళ్తుంది. బిల్డ్ అయ్యాక, ఇన్‌స్టాల్‌కి ముందు జాగ్రత్తగా బీఈసీటీఎల్ క్రియేట్ కొట్టి, ఉన్న సిస్టమ్‌ని స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) తీసి ఇంకో ఎన్విరాన్‌మెంట్‌గా దాచుకుంటాం కదా, ఆ స్నాప్‌షాట్ ఈ గిగాబైట్లన్నిటినీ పట్టుకు కూర్చుంటుంది. అప్‌గ్రేడ్ ముగిసి ఓబీజేని ఊడ్చేసినా ఒక్క ఎంబీ తిరిగి రాదు. డైరెక్టరీ సైజు చెప్పే డీయూ కమాండ్ చూస్తే డైరెక్టరీ ఖాళీ, డిస్క్‌లో ఖాళీ చెప్పే డీఎఫ్ చూస్తే డిస్క్ నిండుగానే ఉంటుంది. ఆ చోటు ఎక్కడికి పోయిందో తెలియాలంటే జెడ్ఎఫ్ఎస్ లిస్ట్ హైఫన్ ఓ స్పేస్ కొట్టి యూజ్డ్‌స్నాప్ గడి చూడాలి. పోయిన గిగాబైట్లన్నీ ఆ గడిలో ఉంటాయి. ఆ పాత ఎన్విరాన్‌మెంట్‌ని స్నాప్‌షాట్‌తో సహా తీసేస్తేగాని అవి వదలవు. అప్‌గ్రేడ్ అయిన మర్నాడే దాన్ని తీసేయడానికి మనసొప్పదు కదా.

దీనికి మందు ఒక్క లైను: జెడ్ఎఫ్ఎస్ క్రియేట్ జెడ్‌రూట్/యూఎస్ఆర్/ఓబీజే. మౌంట్ అయ్యే చోటు పై డేటాసెట్ నుంచి దానంతటదే వస్తుంది. ఇప్పుడు ఓబీజే బూట్ ఎన్విరాన్‌మెంట్ బయట ఉంటుంది, స్నాప్‌షాట్‌లో పడదు. పని అయ్యాక ఆర్ఎం కొట్టి గంటసేపు చూస్తూ కూర్చోనక్కర్లేదు, ఫైళ్లు చెరగకుండా అడ్డుపడే ఫ్లాగులు తీసే తంటా కూడా లేదు. డేటాసెట్‌ని డిస్ట్రాయ్ చేసి మళ్లీ క్రియేట్ చేస్తే క్షణాల్లో శుభ్రం. నేను ఈ సిస్టమ్‌కి చేసిన మార్పులన్నిటిలో దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను. ఇన్‌స్టాలర్ మొదటి నుంచే ఇలా పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

జెడ్ఎఫ్ఎస్ బదులు యూఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ వాడేవాళ్ల కష్టాలు వేరు. అందులో మామూలుగా 8 శాతం చోటు రూట్‌కి (అడ్మిన్ ఖాతాకి) అట్టేపెడతారు. బిల్డ్ రూట్‌గా నడిస్తే అది ఆ వాటాలోకి కూడా దూరిపోతుంది, డీఎఫ్‌లో ఖాళీ మైనస్‌లో, వాడకం వంద దాటి కనిపిస్తుంది. అలాంటి డిస్కులున్న మెషిన్లకి మేక్‌ఓబీజేడిర్‌ప్రిఫిక్స్ పెట్టి ఓబీజేని ఇంకో డిస్క్‌కి మళ్లించడం మేలు. ఇది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఇవ్వాలి, మేక్.కాన్ఫ్‌లో రాస్తే లాభం లేదు.

మెటా మోడ్ అనే బిల్డ్ పద్ధతి గురించి రెండు ముక్కలు. ఫైల్‌మాన్ మాడ్యూల్ లోడ్ చేసి దీన్ని వాడితే, మారిన భాగాలే మళ్లీ కంపైల్ అవుతాయి. చిన్న అప్‌డేట్‌కి అద్భుతం. కాకపోతే పాత ఓబీజేని అలాగే ఉంచుకోవాలి. టైమ్ కావాలా, చోటు కావాలా అనేది తేల్చుకోవాల్సింది మనమే. నేను 64 జీబీ మనిషిని కాబట్టి చోటుకే ఓటు.

ఇన్‌స్టాల్ అయ్యాక చేసే సర్దుడు కూడా తక్కువేం కాదు. పాత కెర్నల్ /బూట్/కెర్నల్.ఓల్డ్‌లో మిగిలిపోతుంది. కొత్తది నాలుగు రోజులు నిలకడగా నడిచాక తీసేయొచ్చు. అక్కర్లేని పాత ఫైళ్లు తీసే మేక్ డిలీట్-ఓల్డ్ ప్రతి ఫైల్‌కీ తీసేయనా అని అడిగి ప్రాణం తోడేస్తుంది, బ్యాచ్_డిలీట్_ఓల్డ్_ఫైల్స్ ఇస్తే నోరు మూసుకుని పని చేస్తుంది. డిలీట్-ఓల్డ్-లిబ్స్‌కి మాత్రం తొందరపడకండి. ప్యాకేజీలన్నీ కొత్త వెర్షన్‌కి మారక ముందే పాత లైబ్రరీలు తీసేస్తే, వాటి మీద ఆధారపడ్డ ప్రోగ్రాములు లేవడం మానేస్తాయి. దాంతో మిగిలే చోటు కూడా ఏమంత పెద్దది కాదు.

ఒక ఫిర్యాదు మాత్రం ఇప్పటికీ ఉంది. బిల్డ్‌వరల్డ్ మొదలయ్యే ముందు ఖాళీ ఎంతుందో చూసుకోదు. అర్ధరాత్రి చోటు అయిపోతే ఫైల్‌సిస్టమ్ ఫుల్ అని ఆగిపోతుంది, తెల్లారాక గానీ మనకు తెలియదు. బిల్డ్‌లో ఆగితే నష్టం లేదు, చోటు చేసి మళ్లీ నడుపుకోవచ్చు. కంపైల్ అయినదాన్ని సిస్టమ్‌లోకి ఎక్కించే ఇన్‌స్టాల్‌వరల్డ్ మధ్యలో ఆగితే సగం పాత, సగం కొత్త లైబ్రరీలతో సిస్టమ్ ఎటూ కాకుండా పోతుంది. అప్పుడు దిక్కు /రెస్క్యూలోని స్టాటిక్ (లైబ్రరీల అవసరం లేని) ప్రోగ్రాములో, బూట్ అయ్యేటప్పుడు వచ్చే లోడర్ మెనూలోని పాత బూట్ ఎన్విరాన్‌మెంటో. అందుకే 15 జీబీ ఖాళీ కనిపించకపోతే నేను బిల్డ్ మొదలుపెట్టను. ఇక సెక్యూరిటీ ప్యాచ్‌లు పడితే చాలనుకునేవాళ్లకి కంపైల్ అక్కర్లేకుండా తయారైన ఫైళ్లే దించే ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ సరిపోతుంది, ఈ ఓబీజే గొడవ వాళ్లకి అసలు అక్కర్లేదు.