సుబ్బులక్ష్మి 100 రూపాయల నాణెం: ప్రూఫ్ కొనాలా, యూఎన్‌సీ కొనాలా?

కచేరీల సంపాదనలో చాలా భాగం దానధర్మాలకే ఇచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మికి 1974లో ప్రజాసేవ విభాగంలో మెగసెసే అవార్డు వచ్చింది. ఆమె శతజయంతి నాణేలు 2017లో విడుదలయ్యాయి. 100 రూపాయల నాణెం 44 మి.మీ., 35 గ్రాములు. సగం వెండి, 40 శాతం రాగి, మిగతాది నికెల్, జింకు. ఇది రెండు రకాలు: ప్రూఫ్ (సేకరించేవాళ్ల కోసం ప్రత్యేకంగా మెరుగుపెట్టి ముద్రించింది), యూఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్, అంటే చలామణీలోకి వెళ్లని మామూలు ముద్రణ).

వెండి: రెంటిలోనూ 17.5 గ్రాములే. ప్రూఫ్‌కి పెట్టే అదనపు డబ్బు లోహానికి కాదు, మెరుగుకే.

రూపం: ప్రూఫ్‌లో నేపథ్యం అద్దంలా, బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా ఉంటాయి. యూఎన్‌సీలో అంతా ఒకే మెరుపు.

రిస్క్: ఇక్కడే అసలు తేడా. ప్రూఫ్ మీద వేలిముద్ర పడితే చర్మంలోని నూనె, ఉప్పు ఆ అద్దాన్ని మరకచేస్తాయి, అది పోదు. మెత్తటి గుడ్డతో తుడిచినా వెంట్రుకవాసి గీతలు పడి ధర పడిపోతుంది. యూఎన్‌సీలో చిన్న గీత అంతగా కనబడదు, అలాగని తోమకూడదు. వెండితో పాటు రాగీ ఉంది కాబట్టి రెండు రకాలూ రంగు మారతాయి. పీవీసీ కవర్లో పెడితే పచ్చటి జిగురు పడుతుంది; 44 మి.మీ. యాక్రిలిక్ క్యాప్సూల్, పక్కన సిలికా జెల్ చాలు.

నకిలీ: బరువు, వ్యాసం రెండూ కొలవాలి. టంకశాల (మింట్) జారీచేసిన ప్యాకింగ్ లేని ప్రూఫ్‌కి ప్రూఫ్ ధర ఇవ్వకండి.

పెట్టె తెరవకుండా దాచేవాళ్లకి, మళ్లీ అమ్మే ఆలోచన ఉన్నవాళ్లకి ప్రూఫ్. పిల్లల చేతికిచ్చి చూపించాలంటే యూఎన్‌సీ.