పదిమంది వాడే లేజర్ కటింగ్ మెషిన్: దీర్ఘకాల వాడకం తరువాత నా సమీక్ష

విశాఖపట్నంలో మేము కొందరం కలిసి నడుపుకుంటున్న వర్క్‌షాపులోని 60 వాట్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్ కటింగ్ మెషిన్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను, దాని బాగోగులూ చూస్తున్నాను. ఆర్కిటెక్చర్ విద్యార్థుల నమూనాల నుంచి దుకాణాల నేమ్‌ప్లేట్ల వరకు, పెళ్ళిళ్ళ సీజనులో రిటర్న్ గిఫ్టులతో సహా, అన్నీ దీని మీదే తయారవుతాయి. 6 మిల్లీమీటర్ల అక్రిలిక్‌ను ఇప్పటికీ ఒకే విడతలో నునుపైన అంచుతో కోస్తోంది కాబట్టి కోత విషయంలో నాకు ఫిర్యాదు లేదు. అమ్మేటప్పుడు ఉన్న శ్రద్ధ అమ్మినవారికి తరువాత లేకపోయింది, అది వేరే సంగతి.

వారు మెషిన్‌తో పాటు ఇచ్చిన చిల్లర్ (లేజర్ పుట్టే గాజు ట్యూబు చుట్టూ తిరిగే నీటిని చల్లబరిచే పరికరం) మాత్రం మన తీరప్రాంతానికి పనికిరాదు. ఫ్యాను, రేడియేటర్ తప్ప కంప్రెసర్ లేని ఆ రకం, నీటిని గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. అందువల్ల ఉదయం చక్కగా తెగిన ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక), మే నెల మధ్యాహ్నం అదే అమరికతో సగం లోతుకే ఆగిపోయేది. కంప్రెసర్ చిల్లర్ కొన్నాక ఆ ఇబ్బంది తీరింది. అయితే అందరూ చెప్పే 20 డిగ్రీల అమరిక ఇక్కడ చెల్లదు. వానాకాలంలో గాలిలోని ఆవిరి 25 డిగ్రీల దగ్గరే నీరుగా మారే ఈ ఊళ్లో, ట్యూబు గాజు మీదా కాంతి వెలువడే కొనమీదా చెమట పడుతుంది. వేల వోల్టులు నడిచే చోట ఆ తడి ఉంటే కరెంటు పక్కకు దూకి, ట్యూబుతో పాటు పవర్ సప్లైని కూడా పాడుచేయగలదు. ఏసీ లేని మా గదిలో, నీటిని గది కంటే 2 డిగ్రీలు మాత్రమే తక్కువగా ఉంచే ఆటోమేటిక్ అమరికే సరిపోయింది. నీరు డిస్టిల్డ్ వాటరే అయి ఉండాలి. ఆర్‌ఓ నీటితో సరిపెట్టుకుందామన్న వాదన మా దగ్గర ప్రతి వేసవిలోనూ లేస్తుంది.

పెట్టిన ఖర్చుకు అన్నింటికంటే ఎక్కువ ఫలితమిచ్చింది ఒక చిన్న ముల్లు మీటరు. ట్యూబు నుంచి కరెంటు తిరిగివచ్చే వైపు తీగలో దీన్ని ఎలక్ట్రీషియన్ చేత బిగించాం (మెషిన్ ఆపిన తరువాత కూడా లోపల చార్జి మిగిలి ఉంటుంది, ఎవరూ సొంతంగా చెయ్యి పెట్టవద్దు). తెర మీద కనిపించే పవర్ శాతం ట్యూబులోకి నిజంగా ఎంత కరెంటు వెళ్తోందో చెప్పదు. మీటరులో ముల్లు మామూలుగానే లేస్తున్నా కోత బలహీనంగా ఉంటే కాంతిని మళ్లించే అద్దాలో, దాన్ని ఒక చుక్కగా కూర్చే లెన్సో మసిబారినట్టు, అవి శుభ్రంగానే ఉంటే ట్యూబు ముసలిదైనట్టు. ముల్లే లేవకపోతే ముందు పవర్ సప్లైని అనుమానించాలి. 15 మిల్లీయాంపులు దాటకూడదని గీత గీసి పెట్టాక, "పవర్ పెంచితే పోలా" అనే అలవాటు చాలామందిలో తగ్గింది.

మెషిన్ కదలికలనూ పవర్‌నూ నడిపే పాత బోర్డు తీసి రుయిడా కంపెనీ కంట్రోలర్ పెట్టి, డిజైన్లను దానికి పంపే లైట్‌బర్న్ సాఫ్ట్‌వేర్‌కు మారడం కూడా మేలే చేసింది. మూలల దగ్గర వేగం తగ్గినప్పుడు పవర్ కూడా తగ్గుతుంది కనుక ప్లైవుడ్ మూలలు నల్లబడటం లేదు. ఎయిర్ అసిస్ట్‌కు (కోత పడే చోట గాలి ఊదే ఏర్పాటు) మంచి కంప్రెసర్ పెట్టడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, పెట్టండి.

ఉమ్మడి మెషిన్‌కు అసలు ముప్పు బయటి నుంచి వచ్చే షీట్లతో. రెక్సిన్ ముక్క, సన్‌బోర్డు పేరుతో అమ్మే పీవీసీ ఫోమ్ షీటు చూడటానికి అమాయకంగానే ఉంటాయి; లేజర్ తగిలితే వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ మనుషుల ఊపిరితిత్తులనూ మెషిన్ పట్టాలనూ ఒకేసారి తినేస్తుంది. అనుమానం వచ్చినప్పుడు ఆరుబయట రాగి తీగను ఎర్రగా కాల్చి, ఆ ప్లాస్టిక్‌కు అద్ది మళ్లీ మంటలో పెడతాం. మంట ఆకుపచ్చగా మారితే క్లోరిన్ ఉన్నట్టే, ఆ షీటు లోపలికి రాదు.

లెన్సును ఎండీఎఫ్ పని ముగిసిన ప్రతిసారీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, రుద్దకుండా తుడవాలి. జిగురు పొగ పేరుకున్న చోట వేడి నిలిచి లెన్సు పగులుతుంది. బిగించేటప్పుడు ఉబ్బు వైపు పైకి ఉండాలి. అద్దాల మరలను మాత్రం ఇద్దరికే అప్పగించాం. మాస్కింగ్ టేపు అంటించి, బల్ల నాలుగు మూలల్లోనూ కాలిన చుక్క ఒకే చోట పడుతోందో లేదో చూడటం గంటల పని, దాన్ని చెడగొట్టడానికి అర చుట్టు చాలు.

ఈసారి ట్యూబు మార్చేటప్పుడు 80 వాట్లకు వెళ్దామని సభ్యులు కొందరు అడుగుతున్నారు. దాని పొడవుకు వెనక డబ్బాను కోసి పెంచాలి, పవర్ సప్లై కూడా మార్చాలి. మా దగ్గర జరిగే పనుల్లో ఎక్కువ భాగం 6 మిల్లీమీటర్ల లోపువే కనుక, మళ్లీ 60 వాట్లదే వేసి, మిగిలిన డబ్బుతో ఎగ్జాస్ట్ ఫ్యాను పెద్దది వేయించి, లెన్సులు రెండు అదనంగా తెప్పించమని నేను చెప్పాను.