నాలుగేళ్లుగా ఉకులేలే మీద ఒకటే పాట: 'హే, సోల్ సిస్టర్'

ఉకులేలే ఇంటికి తెచ్చిన రోజు బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందిరా గిది, గిటార్ పిల్లనా?" అన్నడు. నాలుగేళ్లయినా హన్మకొండలో మా ఇంట్లో దాని పేరు పిల్లనే. దాని మీద నేను ఎక్కువసార్లు వాయించిన పాట కూడా ఒకటే.

పాట 2009లో వచ్చింది, శాన్‌ఫ్రాన్సిస్కో బృందం ట్రెయిన్‌ది. గాయకుడు పాట్ మొనహన్, నార్వేవాళ్లు ఎస్పెన్ లిండ్, అమండ్ బ్యోర్క్‌లుండ్ కలిసి రాశారు. అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మూడో స్థానం దాకా ఎక్కింది. వెక్కిరించినవాళ్లూ ఉన్నారు, మాటల విషయంలో వాళ్లతో నాకు పేచీ లేదు. నన్ను పట్టుకున్నది ఆ మీటుడే.

ఉకులేలేకు నాలుగు తీగలు, వాటి స్వరాలు జీ, సీ, ఈ, ఏ. గిటార్‌లో పైతీగ అన్నిటికన్నా మంద్రంగా మోగుతుంది. ఇక్కడ పైనున్న జీ, పక్కనున్న సీ కంటే హెచ్చు శ్రుతిలో ఉంటుంది. అందుకే చేయి కిందికి పోయినా పైకి వచ్చినా అదే గలగల. పాటకు ఆ వెలుగంతా దీనివల్లే. లోటు కూడా ఇక్కడే ఉంది: దీని అట్టడుగు స్వరం పియానో నట్టనడుమ ఉండే సీ, దాని కింద ఏమీ లేదు. రికార్డింగ్‌లో బేస్, డ్రమ్స్ ఆ ఖాళీని నింపుతాయి. ఒక్కడివే వాయిస్తే పాట గాలిలో తేలినట్టు ఉంటుంది. నడక కూడా సమానంగా పడదు, కొంచెం ఊగుతుంది. ఏటా బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొట్టే మా అక్క ఒక్కసారి విని పట్టేసింది. నాకు నెల పట్టింది.

అసలు పాట 'ఈ మేజర్' శ్రుతిలో ఉంటుంది. ఉకులేలే మీద 'ఈ' కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) వేళ్లను చంపుతుంది. సీ, జీ, ఏ మైనర్, ఎఫ్‌లతో వాయిస్తే హాయి, పాడేందుకు గొంతుకూ సుఖం. రికార్డింగ్‌తో కలిపి వాయించాలంటే మెడ మీది నాలుగో ఫ్రెట్‌లో (అడ్డగీత దగ్గర) కాపో, అంటే తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు, పెట్టాలి. నాది సొప్రానో, అంటే చిన్న సైజు, కాపో పెట్టాక వేళ్లకు చోటే మిగలదు.

ఇక జనం ముందు. రెండేళ్ల కింద మా గల్లీ గణేశ్ మండపంలో ఎక్కించారు. సౌండ్ బాక్సుల పిల్లగాడు మైకు తెచ్చి సరిగ్గా రంధ్రం ముందు పెట్టాడు. బొయ్యిమని ఒకటే గోల. దానికి తోడు పక్కన ఢోలక్. మొదటి చరణం అయిపోయేదాకా నా వాయిద్యం నాకే వినపడలేదు. ఆపి, మైకును మెడ ఒంటికి కలిసే చోటికి జరిపించి, ఢోలక్ తమ్ముణ్ని "జర ఆగు" అని బతిమాలి మళ్లీ మొదలుపెట్టా. పిల్లలకు ఇంగ్లిషు మాటలు అక్కర్లేకపోయింది, 'హే' అన్నచోటల్లా వాళ్లే అందుకున్నారు. దిగుతుంటే ఒక పెద్దమ్మ, "పాట మంచిగుంది బిడ్డా, ఒక్క ముక్క సమజ్ కాలే" అంది. నాలుగేళ్లలో ఇంతకన్నా సరైన సమీక్ష నేను వినలేదు.

ఈ పాటకు 2011లో గ్రామీ వచ్చింది స్టూడియో రికార్డింగ్‌కు కాదు, లైవ్ రూపానికి. ఆ మండపం ఎక్కేదాకా నాకది విడ్డూరంగానే ఉండేది.

కొనాలనుకునేవాళ్లకు ఒక మాట. కొత్త నైలాన్ తీగలు వారం రోజులు సాగుతూనే ఉంటాయి, శ్రుతి పోతుంటే వాయిద్యాన్ని తిట్టకండి. మన మే నెల ఎండలో బండి డిక్కీలో మాత్రం పెట్టొద్దు. నేను పెట్టాను, తీగలు కట్టే బ్రిడ్జి లేచొచ్చింది, అతికించుకున్నా.

వచ్చే నవరాత్రులకు పికప్ (మైకు లేకుండానే స్పీకర్‌కు శబ్దం పంపేది) ఉన్న టెనర్, అంటే పెద్ద సైజు ఉకులేలే, తీసుకుందామని ఉంది. బాపు మాత్రం, "ఇంట్ల ఒక పిల్ల చాలదా?" అంటున్నడు.