స్టీవెన్ విల్సన్ ‘హ్యాండ్. కెనాట్. ఇరేజ్.’: ఏళ్ళ తరబడి విన్నాక

బ్రిటిష్ రాక్ సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ చేసిన ఈ ఆల్బమ్ 2015లో కేస్కోప్ అనే స్వతంత్ర లేబుల్ నుంచి వచ్చింది. వెనకున్న కథ నిజంగా జరిగినదే. లండన్‌లో ఒకావిడ తన ఫ్లాట్లో చనిపోతే రెండేళ్ళకు పైగా ఎవరికీ తెలియలేదు. 2006లో తలుపు పగలగొట్టేసరికి టీవీ ఇంకా నడుస్తూనే ఉంది. ఆవిడ మీద తీసిన డాక్యుమెంటరీ చూసి విల్సన్ ఒక కల్పిత స్త్రీని సృష్టించి, ఆమె జీవితాన్ని గంటకు పైగా పాటల్లో చెప్పాడు.

మొదట్లో, ఇలాంటిది మన దగ్గర జరగదులే అనుకునేవాణ్ణి. గుమ్మంలో పాలపాకెట్టు అలాగే ఉండిపోతే మర్నాటికల్లా వాచ్‌మన్ తలుపు కొడతాడు కదా. ఇప్పుడు మా విశాఖలో మధురవాడ వైపు అపార్టుమెంట్లలో పిల్లలు విదేశాల్లో, పెద్దవాళ్ళు ఒంటరిగా, పాలకి కూడా యాప్. ఆ ధీమా తగ్గింది.

ఒకే ఆల్బమ్‌లో పియానో, మెటల్ రాక్ గిటార్ మోత, ఎలక్ట్రానిక్ బీట్, అబ్బాయిల బృందగానం, రేడియోలో వేసుకోదగ్గ పాప్ పాట, అన్నీ ఉన్నాయి. టైటిల్ పాట ఆ పాప్ రకం. మా ఇంట్లో స్పీకర్ మీద పెట్టనిచ్చేది అదొక్కటే. ‘రిగ్రెట్ నంబర్ 9’లో మూగ్ అనే సింథసైజర్ మీద ఆడమ్ హోల్జ్‌మన్ సోలో, వెంటనే గత్రీ గోవన్ గిటార్ వస్తాయి. హోల్జ్‌మన్ ఒకప్పుడు జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ దగ్గర వాయించినవాడు, ఆ జాజ్ వాసన ఇక్కడ తెలుస్తుంది. మృదంగం నేర్చుకున్న మా బావమరిది వేళ్ళ మీద లెక్క వేసుకుంటూ కూర్చుని, మధ్యలో తప్పిపోయి, ‘ఇదేం తాళం బావా’ అని లేచిపోయాడు.

అందరూ మెచ్చుకునే ‘యాన్సెస్ట్రల్’ పదమూడు నిమిషాల పైమాట. నాకు మాత్రం దాని చివరి భాగం వాయిద్యగాళ్ళ సరదా కోసం సాగదీసినట్టే ఉంటుంది. ఇప్పుడు సగంలో ఆపేస్తున్నాను.

ఇన్నేళ్ళలో విలువ పెరిగినవి రెండు పాటలు. ‘పర్ఫెక్ట్ లైఫ్’లో పాట కంటే మాటే ఎక్కువ: తన పదమూడో ఏట తమ ఇంట్లో ఆరు నెలలు ఉండి వెళ్ళిపోయిన అక్క గురించి ఒకమ్మాయి చెబుతుంది. చివరికి ఆ అక్క ముఖం, గొంతు, పేరు కూడా గుర్తు రావంటుంది. ఆ మాట ఎంత మామూలుగా అంటుందంటే, నేను బస్సు దిగాల్సిన స్టాపు దాటిపోయిన రోజులున్నాయి. రెండోది ‘రొటీన్’. భర్తనూ పిల్లలనూ పోగొట్టుకున్న ఇల్లాలు, ఇంటి పనులు మానితే మనిషే మిగలదన్నట్టు చేసుకుంటూ పోతుంది. నినెట్ తయేబ్ అనే గాయని గొంతు అణిగి అణిగి ఒక్కసారి కేకగా మారుతుంది. మన సినిమా పాటల్లో విషాదమంటే వయొలిన్లు ముందే చెప్పేస్తాయి. ఇక్కడ హెచ్చరిక లేదు.

వినే పద్ధతి గురించి ఒక మాట. విల్సన్ శబ్దాన్ని అంతా ఒకే మట్టానికి నొక్కి పెట్టడు, మెల్లనివి నిజంగా మెల్లగానే ఉంటాయి. గాజువాక నుంచి మద్దిలపాలెం వచ్చే సిటీ బస్సులో, ఎన్ఏడీ దగ్గర హారన్ల మధ్య, పియానో వినపడక వాల్యూమ్ పెంచుతాం. తర్వాత గిటార్లు వచ్చి చెవి చిల్లులు పడతాయి. చవక ఇయర్‌ఫోన్స్‌తో మొదలుపెట్టి, ఈ ఒక్క ఆల్బమ్ కోసమే చెవి మొత్తం మూసే వైర్ హెడ్‌ఫోన్స్ కొన్నాను. డబ్బు దండగ కాలేదు. బీచ్ రోడ్డు మీద నడుస్తూ కూడా ప్రయత్నించాను. అలల హోరుకి సగం పాట పోతుంది, వద్దు.

షఫుల్‌లో మాత్రం వేయకండి. చివర్లో వచ్చే ‘హ్యాపీ రిటర్న్స్’ విల్సన్ సృష్టించిన ఆ స్త్రీ తన సోదరుడికి రాస్తున్న ఉత్తరం. నిద్ర వస్తోంది, మిగతాది రేపు పూర్తి చేస్తానంటుంది. ముందు పాటలన్నీ వరసలో విన్నవాళ్ళకే ఆ ‘రేపు’ ఏమిటో తెలుస్తుంది. ప్రోగ్, అంటే ఇలా పొడవుగా, చిక్కు తాళాలతో సాగే ప్రోగ్రెసివ్ రాక్, అసలు అలవాటు లేకపోతే ముందు టైటిల్ పాట, ‘పర్ఫెక్ట్ లైఫ్’ విని చూడండి. అవి పట్టకపోతే మిగతా గంట మీది కాదు.